నా భార్య జబ్బు, నా నోటి మాట

జబ్బు నా భార్యది, రాస్తున్నది నేను. రాయడానికి ముందు ఆమెను అడిగాను. చాట పక్కన పెట్టి కాసేపు ఆలోచించి, "నా పేరు రాయమాక. మిగతాది రాసుకో. నీ సంగతి మాత్రం ఏం దాయొద్దు" అంది. ఇప్పుడు ఆమె బాగానే ఉంది. అందుకే ఈ మాత్రం నిమ్మళంగా రాయగలుగుతున్నాను.

మాది పుల్లలచెరువు వైపు, అడవి అంచున ఒక పల్లె. ఇంటర్ దాకా మార్కాపురంలో చదివాను. నాయన పోయాక గొర్రెల మందను చూసుకునే మనిషి లేక ఊరికి వచ్చేశాను. కొంచెం మెట్ట చేను కూడా ఉంది. నా భార్య నాకు మేనమామ కూతురు. వాళ్ళ ఊరు కొమరోలు దగ్గర. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. మా అమ్మ ఆమెకు అత్తగారు కాకముందే మేనత్త. మాకు ఒక కూతురు, గురుకుల పాఠశాలలో చదువుకుంటోంది.

ఒంట్లో ఏ నలత వచ్చినా ఆమె మొదట చెప్పేది నాకే. పంటి నొప్పి అయినా, నెలసరి ఆలస్యమైనా, కాలిలో ముల్లు విరిగినా, "బావా, ఇట్లుంది" అనేది. నేను చేసేదేమీ ఉండేది కాదు, వినేవాణ్ణి. ఈ జబ్బులో నేను పోగొట్టుకున్నది ఆ చెప్పడాన్నే. జబ్బు సంగతి డాక్టరు చూసుకున్నారు. ఆమె మళ్ళీ నాతో చెబుతుందా, చెప్పదా అన్నది మాత్రం ఏడాదిన్నర పాటు నన్ను వదలలేదు.

వేసవి

మా వైపు ఎండలు ముదిరితే గొర్రెలకు నీళ్ళుండవు, మేత ఉండదు. సాగర్ కాలువ కింద వరి కోతలు అయ్యాక మందలను అటు తోలుకుపోతాం. రైతుల పొలాల్లో మందను నిలుపుతాం. ఎరువు వాళ్ళకు, మేత మాకు. ఆడవాళ్ళు వంటసామానుతో వెంట వస్తారు. వానలు పడేదాకా ఇల్లంటే నాలుగు కర్రలు, పైన ఒక పట్టా. మగవాళ్ళం ఎక్కడైనా నీళ్ళు పోసుకుంటాం. ఆడవాళ్ళు తెల్లవారకముందే లంగాతో కాలువలో మునిగి, ఆ తడి లంగా మీదే చీర చుట్టుకుని వస్తారు. అది ఒంటి మీదే ఆరాలి. పెళ్ళైన నాటి నుంచీ ప్రతి వేసవిలోనూ చూస్తున్నాను. అదేమిటని ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

ఆ వేసవిలో ఆమెకు జ్వరం వచ్చింది. మూత్రానికి పోతే మంట అంది. అక్కడి ఊళ్ళో ఒక ఆర్‌ఎంపీ సూది వేసి, ఘాటు మాత్రలు ఇచ్చాడు. జ్వరం, మంట తగ్గాయి. అవి తగ్గిన కొద్ది రోజులకే ఇంకొకటి మొదలైంది.

"బావా, కింద ఒకటే దురద. తెల్లబట్ట అవుతాంది. విరిగిన పాల మాదిరి పడతాంది."

"ఎండకు వేడి చేసింటది. సబ్జా గింజలు నానేసుకొని తాగు."

"నీకన్నిటికీ సబ్జాలే. కాలు విరిగినా సబ్జాలే తాగమంటావు" అని నవ్వింది.

అప్పటికింకా నవ్వే ఓపిక ఉంది ఆమెకు. సబ్జాలు తాగింది, మజ్జిగ తాగింది. తగ్గలేదు. ఆర్‌ఎంపీని అడిగితే ఒక మాత్ర ఇచ్చాడు. కొన్నాళ్ళు తెరిపి ఇచ్చింది. నెలసరి ముందు మళ్ళీ వచ్చింది. ఇంకో మాత్ర, ఇంకొన్నాళ్ళ తెరిపి, మళ్ళీ అదే.

అప్పుడు నేను వైద్యం మొదలుపెట్టాను. గొర్రెల గిట్టల సందున చీము పడితే ఊదారంగు పలుకులు నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళలో గిట్టలు ముంచుతాం. రెండు రోజుల్లో పుండు ఎండిపోతుంది. ఆ పొట్లం నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. పుండును ఎండబెట్టేది దురదను ఎండబెట్టదా అనుకున్నాను. పొద్దునా సాయంత్రం ఆ నీళ్ళతో కడుక్కోమని ఇచ్చాను.

"మండుతాంది బావా" అంది మొదటి రోజే.

"మండితేనే పని చేస్తాన్నట్టు" అన్నాను.

ఆమె నమ్మింది. మందలో ఎన్ని గొర్రెలకు నా చేతి వైద్యం పనిచేసిందో చూసిన మనిషి మరి. ఆ వేసవి అంతా మానకుండా కడుక్కుంది.

తొలకరి

తొలకరికి ఊరికి తిరిగి వచ్చాం. దురద మాతోనే వచ్చింది. రాత్రుళ్ళు నిద్ర లేక ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి. కూర్చోలేక, నిలబడలేక, పనిలో చేయి పెట్టి మధ్యలో లేచిపోయేది. అమ్మకు విషయం తెలిసింది. తెలిసిన రోజు సాయంత్రమే నా భార్య మంచం పంచలోకి వచ్చింది. బకెట్టు వేరు, సబ్బు వేరు, బట్టలు ఆరేసే తాడు వేరు అయ్యాయి. అమ్మ చెడ్డ మనిషి కాదు. మా ఇళ్ళల్లో తెలిసిన పద్ధతి అదే. గజ్జి పట్టిన గొర్రెను మందలో ఉంచం. దూరంగా వేరే గుంజకు కడతాం. కట్టాక అడిగే మొదటి మాట, ఇది ఏ మందలో కలిసిందని. తోవలో పక్క మందతో కలిసిన గొర్రె గజ్జిని తెచ్చుకుంటుంది. మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చదువు అదొక్కటే.

అమ్మ మంచం జరుపుతుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. పైగా నా చాప తీసుకుని దొడ్డి పక్కన గుడిసెలో పడుకోవడం మొదలుపెట్టాను. అంతకు ముందే నాకూ కాస్త దురద అనిపించింది. అది నా మనసులో కూర్చుంది. కాలువ కింద ఉన్నప్పుడు ఎవరెవరు మా పట్టా దగ్గరికి వచ్చారు, ఆమె ఎవరెవరితో మాట్లాడింది అని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఇలాంటి పనిలో మనిషి బుర్ర ఎంత చురుగ్గా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం దొడ్లో గొర్రెపిల్లలకు నులిపురుగుల మందు పోస్తున్నాం. ఆమె గొర్రెపిల్లను ఒడిలో పట్టుకుని నోరు తెరిచి పెట్టింది. నేను గొట్టంతో మందు పోస్తున్నాను. ఉన్నట్టుండి నా నోట్లోంచి వచ్చింది.

"ఏ మందలో కలిసినావే నువ్వు?"

ఆమె పిల్లను వదల్లేదు. మందు గొంతు దిగేదాకా దాని మూతి పైకెత్తి పట్టుకుంది. దిగాక నెమ్మదిగా కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇంకోసారి అను."

నేను గొట్టంలోకి మళ్ళీ మందు నింపుతున్నాను.

"అనలేవు గదా. సరే. తర్వాతి పిల్లను పట్టుకరా."

మిగిలిన పిల్లలన్నిటికీ మందు పోయించి, ఇంట్లోకి వెళ్ళి అన్నం వండింది. ఆ రోజు ఏడవలేదు, అరవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆ తరువాత ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు.

"ఎట్లుంది?"

"తగ్గింది."

నేనూ తగ్గిందనే అనుకున్నాను. నిజానికి అనుకోవడం నాకు వీలుగా ఉంది.

చలికాలం

తగ్గలేదని చెప్పింది అమ్మ. ఒకరోజు దొడ్డిలోకి వచ్చి, నా చేతిలోంచి మేత మోపు లాగి కింద పడేసింది.

"ఒరేయ్, అది నడవలేకపోతాందిరా. గోక్కోని గోక్కోని పచ్చి పుండైంది. నీళ్ళు తగిల్తే పళ్ళు బిగబట్టుకుంటాంది. నీకు చెప్పలే?"

"తగ్గిందనింది."

"నాకూ చెప్పలే. నేను చూసినా."

ఇంట్లోకి పోయి అడిగాను. "తగ్గింది" అంది. అమ్మ ఎదురుగానే అంది. మర్నాడు పొద్దున సంచి సర్దుకుని, "అత్తా, అమ్మోళ్ళింటికి పోతాన్నా" అని అమ్మతో చెప్పింది. నాతో ఏమీ చెప్పలేదు.

పది రోజులు రోషంతో కూర్చున్నాను. తరువాత కొన్నాళ్ళు సిగ్గుతో కూర్చున్నాను. మంద దగ్గర మనిషిని పెట్టి చివరికి కొమరోలు బస్సెక్కాను. దారి పొడుగునా, ఆమె తల్లి, మా అత్త, ఏం తిడుతుందో, నేను ఏం బదులు చెప్పాలో అనుకుంటూ పోయాను.

అత్త తిట్టలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, టీ పెట్టి, నా ముందు కూర్చుంది.

"మార్కాపురంలో లేడీ డాక్టరుకు చూపిద్దాం రామ్మా అంటే రానంటాది నాయనా. బావ వస్తేనే పోతా, ఆయన చెవులతో ఆయన వినాల అంటాది. ఏం వినాలంటే చెప్పదు. నీకేమన్నా తెలుసా?"

అప్పుడర్థమైంది. నేను అన్న మాట ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు. నా పరువు ఆ ఇంట్లో ఆమె చేతిలోనే ఉంది. ఆమె దాన్ని అన్నాళ్ళూ కాపాడింది. టీ నా చేతిలోనే చల్లారిపోయింది.

మర్నాడు మార్కాపురం పోయాం. బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. ఆసుపత్రి దగ్గర ఆడవాళ్ళంతా లోపల, వాళ్ళను తీసుకొచ్చిన మగవాళ్ళంతా బయట టీకొట్టు దగ్గర. నేనూ అటే నడిచాను. ఆమె వెనక్కి తిరిగింది.

"లోపలికి రా."

లోపల బెంచీల మీద ఆడవాళ్ళే. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎక్కడ చూడాలో తెలియక ఫ్యాను వైపు చూస్తున్నాను. తర్లుపాడు నుంచి కోడలిని తీసుకొచ్చిన ఒక ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏందబ్బాయా, కాన్పు నీకేనా?"

బెంచీలన్నీ నవ్వాయి. నా భార్య కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వడం చూసి ఎన్ని నెలలైందో. ముసలామె సంచి ఒళ్ళో పెట్టుకుని పక్కకు జరిగింది.

"రా, కూచో నాయనా. ముగ్గురు బిడ్డలను కంటి నేను, మా ఆయన ఒక్కసారన్నా ఈ గడప తొక్కలే. బయటనే బీడీలు కాల్చినాడు. నువ్వు నయం."

నేను నయం కాదని ఆమెతో చెప్పలేకపోయాను. ఆమె పక్కన కూర్చున్నాను. మా వంతు వచ్చేదాకా ఆమె తన కోడలి వేవిళ్ళ సంగతులు చెబుతూనే ఉంది. ఆ మాటల వల్లే నేను అక్కడ కూర్చోగలిగాను.

డాక్టరమ్మ నా భార్యను ఏమైందని అడిగింది. ఆమె, "ఆయన చెప్తాడు" అని తల తిప్పుకుంది. నేను చెప్పాను. జ్వరం, మాత్రలు, సబ్జా గింజలు. తరువాత ఆ పొట్లం సంగతి చెప్పాల్సి వచ్చింది.

"దేంతో కడిగారూ?"

"గొర్రెల గిట్టలకు వాడే మందు మేడమ్."

"ఎవరు చెప్పారు?"

"నేనే."

"మీరెప్పుడైనా కడుక్కున్నారా దాంతో?"

"లేదు మేడమ్."

డాక్టరమ్మ నా భార్యను తెర వెనక్కి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. షుగరు కూడా చూసింది, అది లేదు. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే, నేను అడగాలని వచ్చిన ప్రశ్న అడిగాను.

"ఇది ఎక్కడి నుంచి అంటుకుంది మేడమ్?"

"ఎక్కడి నుంచీ అంటుకోలేదు. ఇదొక రకం బూజు. చాలామంది ఆడవాళ్ళ ఒంట్లో ఊరికే పడి ఉంటుంది. అక్కడే ఉండే మంచి క్రిములు దాన్ని పెరగనివ్వవు. జ్వరానికి వేసిన మాత్రలు ఆ మంచివాటిని కూడా చంపేశాయి. మిగిలిన వాటిని మీ మందు నీళ్ళు బతకనివ్వలేదు. పైగా తడి బట్టలు. ఇంక పెరగక ఏం చేస్తుంది? పెళ్ళికాని పిల్లలకూ వస్తుంది. తిరిగితే తెచ్చుకునే జబ్బు కాదు ఇది."

"నాక్కూడా కొంచెం..."

"కొందరు మగవాళ్ళకు కాస్త దురద పెడుతుంది. చూపించుకోండి, పూత మందు రాస్తే పోతుంది. ఎవరి వల్ల ఎవరికి వచ్చిందని ఇంట్లో కోర్టు పెట్టొద్దు."

డాక్టరమ్మకు నా మాట ఎవరూ చెప్పలేదు. ఇలా అడిగే మగవాళ్ళు నాకు ముందు ఎంతమంది వచ్చి ఉంటారో. నా భార్య నా వైపు చూడలేదు. గోడ మీది పసిపాప బొమ్మ చూస్తూ కూర్చుంది. ముందు కొన్నాళ్ళు గట్టి వైద్యం, ఆ తరువాత ఆరు నెలలు వారానికొక మాత్ర. తగ్గింది కదా అని మధ్యలో ఆపవద్దని, ఆపకపోయినా ఒక్కోసారి మళ్ళీ రావచ్చని, వస్తే భయపడకుండా వచ్చేయమని చెప్పింది. మందు నీళ్ళ కడుగుళ్ళు పూర్తిగా బంద్ అంది.

బస్టాండులో నా భార్య అడిగింది.

"విన్నావా?"

"విన్నా. తప్పయింది."

"ఇప్పుడు ఇంటికి పోయి అత్తకు చెప్పు. డాక్టరమ్మ అన్నదీ చెప్పు, నువ్వు అన్నదీ చెప్పు. నేను చెప్తే నేను బొంకుతాన్నా అనుకుంటాది. అప్పుడొస్తా."

ఆమె పుట్టింటికి పోవడానికి గిద్దలూరు బస్సెక్కింది. నేను ఒక్కడినే ఊరికి వచ్చాను.

అమ్మ రాగులు చెరుగుతోంది. నిలబడే చెప్పాను. డాక్టరు చెప్పింది చెబుతున్నంత సేపూ చెరుగుతూనే విన్నది. దొడ్లో నేను అన్న మాట చెప్పగానే చాట ఆగిపోయింది.

"మా అన్న కూతురురా అది. దాన్ని నువ్వు అట్లన్నావా?"

"అన్నా."

"నా తోడబుట్టినోడి బిడ్డను గొర్రె లెక్కన..." అని ఆగింది. తరువాత లేచి పంచలోకి పోయి, మంచం ఒక పక్క ఎత్తింది. "పట్టు ఆ కోడు" అంది. ఇద్దరం మోసుకుని లోపల వేశాం. "నేను మాత్రం ఏం తక్కువ తిన్నా, బకెట్టు వేరే పెట్టింది నేనే గదా" అని ముక్కు చీదుకుని, ఫోను కలిపి ఇవ్వమంది. "మే, నేను అత్తను. వచ్చేయ్. వాడు నాతో అంతా చెప్పినాడు" అని మాత్రం అంది.

తరువాత

ఆమె వచ్చింది. వారం వారం మాత్ర వేసుకుంది. రెండో నెలకు నిద్ర పట్టడం మొదలైంది. తరువాతి వేసవికి కాలువ కిందికి పోయినప్పుడు పట్టాలతో చుట్టూ మూసిన స్నానాల గది ఒకటి కట్టాను. డ్రమ్ముతో నీళ్ళు పెట్టాను. పొడి నూలు లంగాలు కుట్టించాను. పక్క మందల ఆడవాళ్ళు వచ్చి చూసి, "ఏం వదినా, మీ ఆయన నీకు మహల్ కట్టినాడే" అని ఆటపట్టించారు. రెండు రోజులయ్యేసరికి వాళ్ళందరూ అందులోనే స్నానాలు చేశారు. నాతో వచ్చిన మగవాళ్ళు మాత్రం పెళ్ళానికి ఊడిగం చేస్తున్నానని నవ్వుకున్నారు. నిరుడు ఇదే పని ఇంకొకడు చేసి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి.

జబ్బు తగ్గింది. మాట రాలేదు. వంట గురించి, గొర్రెల గురించి, కూతురి చదువు గురించి బాగానే మాట్లాడేది. ఒంటి సంగతి మాత్రం నాతో ఎత్తేది కాదు. తలనొప్పి వస్తే అమ్మకు చెప్పేది. ఒకసారి కాలిలో ముల్లు దిగితే తనే పిన్నీసుతో తీసుకుంది, నేను ఎదురుగా ఉండగానే.

ఆ రోజు అడిగాను. "తప్పయిందని చెప్పినా గదా. ఇంకేం చేయాల నేను?"

"చేయడానికేం లేదు బావా. నాకు చెప్పబుద్ధి కావాల గదా."

"ఎప్పుడవుద్ది?"

"నాకేం తెలుసు? గొర్రెనా, తోలితే రావడానికి?"

అంతకు మించి అడగలేదు. అడగకుండా ఉండటం నేర్చుకోవడమే నాకు మిగిలిన పని అనిపించింది.

ఇది చదివే మగవాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. మీ ఇంట్లో ఆడమనిషి దురద అంటే, తెల్లబట్ట అంటే, చేతికి దొరికిన మందు ఇవ్వకండి. కడుగుడు మందులు అసలే వద్దు. దుకాణంలో తోచిన పూతమందు కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టి చేతులు దులుపుకోకండి. ఒకసారి తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టరు దగ్గరికి పోండి. బయట టీకొట్టు దగ్గర ఆగకుండా లోపలికి పోండి. ఆడవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. మీ ఇంట్లోనూ నా వంటివాడు ఉంటే, వాడి మాట విని మీలో ఏదో తప్పుందని మాత్రం అనుకోకండి.

ఈ మధ్య తర్లుపాడు వైపు కంది కోసిన చేలల్లో మందను నిలిపాను. ఆమె, అమ్మ ఇంటి దగ్గర ఉన్నారు. ఆరు నెలల మాత్రలు అయిపోయి చాలా రోజులైంది. ఎండ నడినెత్తికి రాకముందు ఫోను మోగింది.

"బావా, ఏడున్నావు?"

"చేలో."

"గొర్రెలు నీళ్ళు తాగినయ్యా?"

"తాగినయ్. ఏంది ఈ పొద్దున?"

వెనక కోడి అరుపు వినిపించింది.

"మళ్ళీ మొదలైనట్టుంది. నిన్నటి నుంచి."

నేను గట్టు మీద కూర్చున్నాను. "అమ్మకు చెప్పినావా?"

"లేదు. నీకే చెప్తాన్నా."

"వచ్చేస్తా. ఈడ ఎవరికన్నా మంద అప్పజెప్పి..."

"నువ్వొచ్చి ఏం చేస్తావు? రేపు నేనూ అత్తా మార్కాపురం పోయొస్తాం. మళ్ళీ రావచ్చని డాక్టరమ్మ ముందే అనింది గదా. అంత లేదులే ఈసారి. మొన్న దగ్గుకు మాత్రలేసుకున్నా, దాని వల్లేమో. రాత్రి కొంచెం మంట పుట్టింది, పొద్దున్నుంచి..."

ఎట్లా ఉందో, ఎక్కడ ఉందో చెబుతూ పోయింది. నేను ఊ కొడుతూ విన్నాను. ముందు నడిచే పొట్టేలు గట్టు దాటి పక్కవాళ్ళ శనగ చేలోకి దిగింది. దాని వెనకే మందంతా దిగుతోంది. దూరం నుంచి రైతు కేకలేస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. ఆమె చెప్పడం అయ్యేదాకా నేను లేవలేదు.